హ్యూ అంటే ఎటు

ఆ ఫిరంగి మార్చి రెండో వారంలో, సామాను బండి మీద గోనెపట్టా కప్పుకుని వచ్చింది. పట్టా తీశాక బ్యాటరీ వాళ్లంతా, అంటే ఆ ఫిరంగి దళం వాళ్లంతా, చుట్టూ చేరి వంగి చూశారు. తరవాత ఎవరో కిసుక్కుమన్నారు. గొట్టం నాలుగడుగులకి మించి లేదు. చక్రాలు మోకాలి కంటే జానెడు ఎత్తు. ముందు ఒక ఇనప డాలు. వెనక నేలకి ఆనే ఇనప తోక మీద రష్యా అక్షరాలు, వాటిని ఎవరో ఆకురాయితో రుద్దడం మొదలుపెట్టి విసుగొచ్చి వదిలేసినట్టు సగమే పోయాయి.

"కాల్చి పారేసిన చుట్టపీకలా ఉంది," అన్నాడు హిన్నెర్క్ ట్రేడె. ఆ రోజు నుంచి దాని పేరు చుట్టపీక.

ఉర్బాన్ హెగెలె నవ్వలేదు. అతను గొట్టం వంక చూడనే లేదు, ఇరుసు వంక చూశాడు. గుర్రాలు కట్టే నొగ లేదు. నొగ తగిలించే చోటు కూడా లేదు. ఇరుసు రెండు కొసల్లో కొత్తగా పోతపోసిన కొక్కేలు మాత్రం ఉన్నాయి, మోకులు తగిలించుకోవడానికి. గుర్రాలు కట్టే వీలే లేకుండా చేసిన బండిని అతను ముప్పై ఒక్క ఏళ్లలో చూడలేదు.

అతనిది జర్మనీ దక్షిణాన ఎగువ ష్వాబియాలో నలభై గడపల ఊరు. పద్నాలుగో సంవత్సరం ఆగస్టులో యుద్ధం రాగానే సైన్యం వాళ్లు గుర్రాలన్నిటినీ పంచాయతీ కచేరీ ముందు నిలబెట్టి పళ్లు చూసి, డెక్కలెత్తి చూసి, పనికొచ్చినవి తీసుకుపోయారు. ఉర్బాన్ చేతుల మీద పుట్టిన ఎర్రగుర్రం లీజెల్ కూడా పోయింది. అది కొత్తవాళ్లని దగ్గరికి రానివ్వక ఇద్దర్ని కరిచింది. మూడో రోజు ఉర్బాన్‌కి కూడా పిలుపొచ్చింది. ఆ గుర్రాన్ని తోలగలిగినవాడు ఇంకెవడూ దొరక్క అతన్నీ దాన్నీ ఒకే ఫిరంగికి కట్టేశారు. రెండున్నరేళ్లుగా అలాగే నడుస్తోంది.

లెఫ్టినెంట్ నీహౌస్ ఫిరంగి డాలు మీద చెయ్యి వేసి అందర్నీ దగ్గరికి పిలిచాడు. యుద్ధానికి ముందు ఆయన రైన్ నది వైపు ఏదో కార్ఖానాలో ఇంజనీరు. మాట్లాడేటప్పుడు బొటనవేలితో గాల్లో గీతలు గీస్తాడు.

"మన పెద్ద ఫిరంగులు మూడు కిలోమీటర్ల వెనక ఉంటాయి. ముందు కందకంలో దుంగల గుడిసెలోంచి ఒక్క మెషిన్‌గన్ పేలితే చాలు, దండు మొత్తం బోర్లా పడుకోవాలి. వెనకవాళ్లకి ఆ గుడిసె కనపడదు. కబురు పంపితే కబురు తెచ్చేవాడు చస్తాడు. కాబట్టి ఫిరంగే దండుతో పాటు నడవాలి. పోయినేడు ఆ చిన్న ఫిరంగి ఇచ్చారు, గుర్తుందిగా?"

అందరికీ గుర్తుంది. రెండు వేళ్ల లావు గుండు. ఇసుక బస్తాల గోడకి కొడితే సూది పొడిచినట్టు బెజ్జం పడేది, గోడ మాత్రం నిలబడే ఉండేది. పేలినప్పుడల్లా నిప్పు ఇంతెత్తున లేచి ఎక్కడున్నారో చెప్పేసేది. వారంలో ముగ్గురు పోయాక దాన్ని వెనక్కి పంపేశారు. ఆ తరవాత కొండఫిరంగి వచ్చింది. మంచిదే గానీ విప్పి మొయ్యాలి, మోసి బిగించాలి. బిగించేలోగా అవతలివాడు ఊరుకోడు.

"ఇది పోలండులో ఒక కోటగోడ లోపల ఉండేది. గొట్టం కోశాం, గురిపట్టే కన్ను మార్చాం. గుండు బలమైనది, బరువు తక్కువ. గుర్రాలు అక్కర్లేదు. మనుషులే లాగుతారు."

"ఎంతమందండీ?" అన్నాడు సార్జెంట్ బోస్సె.

"తొమ్మిదిమంది. వచ్చే గురువారం మేజరు గారు చూడ్డానికొస్తారు. నెగ్గితే ఇలాంటివి నాలుగు మనకిస్తారు, గుర్రాలన్నీ డిపోకి పోతాయి. ఎలాగూ ఓట్స్ లేవు, రంపప్పొట్టు కలిపి పెడుతున్నాం. నెగ్గకపోతే ఈ తుక్కు ఎక్కడిదక్కడికి పోతుంది, మనం మళ్లీ గుర్రాల ఫిరంగులకే."

ఉర్బాన్ చెవిలో ఆ డిపో మాటే మిగిలింది. డిపోకి పోయిన గుర్రాలు రుమేనియాకి పోతున్నాయని, అక్కడి బురదలో నెల తిరక్కుండా చస్తున్నాయని దండులో అందరికీ తెలుసు.

"హెగెలె," అన్నాడు లెఫ్టినెంట్, "బండి తోలడం నీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. మనుషుల్ని ఎలా పూన్చాలో నువ్వు చూడు."

"గుర్రాలూ మనుషులూ ఒకటి కాదండి."

"తిండి ఒకటే కదా ఇప్పుడు," అన్నాడు హిన్నెర్క్. అందరూ నవ్వారు. ఆ చలికాలమంతా బ్రెడ్డులో పశువులకి వేసే టర్నిప్ దుంపే తిన్నారు మరి.

ఉర్బాన్ పని మొదలుపెట్టాడు. పని అప్పజెబితే సరిగ్గా చెయ్యకుండా ఉండలేకపోవడం అతని బలహీనత. పాత గుర్రపు జీనుల తోలు కోసి, మనిషి ఛాతీకి అడ్డంగా వచ్చేలా తొమ్మిది పట్టాలు కుట్టాడు. ముందు పొడుగాటి మోకు మీద ఒక్కడు. అతని వెనక ఇద్దరిద్దరు చొప్పున నలుగురు. చక్రాల దగ్గర ఒకడొకడు. తోక ఎత్తి పట్టుకోవడానికి ఇద్దరు, అందులో ఒకడు సార్జెంట్. చక్రాల దగ్గరి ఇద్దరి పట్టాలు ఇరుసు కొక్కేనికే తగిలించాడు. పల్లంలో ఫిరంగి జారితే ఆపాల్సింది వాళ్లే. ఆ రెండు పట్టాలూ ఊడిపోకుండా బకిల్ వీపు వైపు పెట్టాడు. అందరిలో బలమైనవాడని ఎడమ చక్రానికి హిన్నెర్క్‌ని నిలబెట్టాడు. ముందు మోకు తను తీసుకున్నాడు.

మొదటి రోజు వెనకనుంచి సార్జెంట్ "ఎడమకి!" అని అరిచాడు. తొమ్మిదిమందిలో ఐదుగురు కవాతులో తిరిగినట్టు మడమ మీద గిర్రున ఎడమకి తిరిగి నిటారుగా నిలబడ్డారు. మోకులు కాళ్లకి చుట్టుకుని ఇద్దరు పడ్డారు.

"ఒరేయ్ గాడిదల్లారా, తిరగమన్నది మిమ్మల్ని కాదు, ఫిరంగిని!"

రెండోసారీ అదే జరిగింది. బారకాసుల్లో రెండేళ్లు నేర్చిన కాళ్లు ఆ మాట వినగానే వాటంతట అవే తిరుగుతున్నాయి. కవాతు మాటలు పనికిరావని మధ్యాహ్నానికి తేలింది.

"గుర్రాల మాటలు చెబితే పోదా?" అన్నాడు ఉర్బాన్. ఆ రోజు అతను నోరు విప్పడం అదే మొదలు.

సార్జెంట్ బోస్సె కాసేపు ఆలోచించాడు. ఆయనది ఉత్తరాన ఆల్ట్‌మార్క్, ఆయనా రైతుబిడ్డే. "హ్యూ, హొట్. పొట్టిగా బాగున్నాయి. ఆపడానికి?"

"ఓహా," అన్నాడు ఉర్బాన్.

"ఓహా ఏంటి? బ్రర్ అనాలి," అన్నాడు హిన్నెర్క్. అతనిది హోల్‌స్టైన్, సముద్రం పక్క.

"బ్రర్ అంటే మా వైపు గుర్రం, తోలేవాడు తుమ్మాడనుకుంటుంది," అన్నాడు వెనకనుంచి ఇంకో దక్షిణాదివాడు.

"మీ పిండిముద్దల దేశంలో గుర్రాలకి కూడా బుర్ర ఉండదు," అన్నాడు హిన్నెర్క్.

"నువ్వూరుకో చేపతలకాయ్. మీ ఊళ్లో గుర్రమంటే పడవే కదా."

ఆగమనే మాట మీద పావుగంట తగువైంది. చివరికి ఓహా నెగ్గింది. హ్యూ గురించీ హొట్ గురించీ ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ రెండూ అందరికీ నడక రాకముందే తెలిసిన మాటలు. అందరి ఊళ్లోనూ అవే మాటలు. ఒకే మాటని మళ్లీ అడిగి తెలుసుకునేవాణ్ణి పల్లెటూళ్లో మందబుద్ధి అంటారు.

రోజూ గొర్రెల మైదానం మీద లాగారు. పశువులకొట్టం నుంచి తిన్నగా పోయి, పుంత దగ్గర ఒక్కసారి కుడికి తిరిగితే కందకం. హొట్ అనగానే అందరూ కుడికే తిరిగారు. మిగతా దారి తిన్నగానే ఉంది. వచ్చేటప్పుడు ఎవరికీ ఊపిరుండేది కాదు, ఫిరంగిని సామాను బండి మీదికి ఎక్కించి లీజెల్‌నీ దాని జోడునీ కట్టి తెచ్చేవారు. నాలుగో రోజుకి లెఫ్టినెంట్ చేతి గడియారం చూసుకుని తల ఊపడం మొదలుపెట్టాడు.

మంగళవారం సాయంత్రం హిన్నెర్క్ కొట్టంలోకి వచ్చాడు. అతనికి గుర్రాలంటే ఇష్టం, ఖాళీ దొరికితే నీళ్లు పెట్టడానికొస్తాడు. లీజెల్ కోసం జేబులో బీట్ దుంప ముక్క దాచుకొచ్చేవాడు. అతని చేతిలోంచి తినడానికి దానికి నెల పట్టింది. ఆ సాయంత్రం బకెట్‌తో దాని పక్కకి దూరబోతూ మోచేత్తో దాని డొక్కలో పొడిచి, "హ్యూ, అమ్మాయ్, హ్యూ!" అన్నాడు.

లీజెల్ ముందుకు అడుగేసి ఛాతీతో గాడిని గుద్దుకుంది. నీళ్లు ఒలికాయి.

"చెముడా దీనికి? ఎడమకి జరగమంటే గోడెక్కుతోంది!"

ఉర్బాన్ అవతల పక్క బ్రష్‌తో జూలు దువ్వుతున్నాడు. చెయ్యి ఆగింది.

"ఏమన్నావ్?"

"హ్యూ అన్నాను. ఎడమకి. మరేమంటారు?"

ఉర్బాన్ ఊళ్లో ఎడమకి విష్ట్ అంటారు. హ్యూ అంటే పద అని. నాన్న అలాగే అనేవాడు, నాన్న నాన్నా అలాగే. అతను బ్రష్‌కి అంటిన వెంట్రుకలు ఒక్కొక్కటే తీశాడు.

"చెముడే," అన్నాడు. "గుండ్లకి చెవులు పోయాయి."

"అయ్యో తల్లీ," అని హిన్నెర్క్ దాని మెడ తట్టి బీట్ ముక్క తీసి పెట్టాడు.

మర్నాడు పొగ లేపే డబ్బాలు పరీక్ష జరిగే చోటికి తోలమని ఉర్బాన్‌నే పంపారు. లీజెల్‌ని బండికి కట్టుకుని పోయాడు. లెఫ్టినెంట్ అక్కడ తెల్లగుడ్డ కట్టిన కర్రలు పాతించి దారి గీయించాడు. మూడొందల అడుగులు తిన్నగా. కుడికి ఒక మలుపు. తరవాత పల్లం. పల్లం చివర ఎడమకి మలుపు, అది దాటితే ఫిరంగి పెట్టే గుంత. ఎడమకి తిరక్కుండా తిన్నగా పోతే పదకొండు అంగల్లో పాత రాతిగని. రెండు మనుషుల లోతు. అడుగున ఎప్పుడో కొట్టి వదిలేసిన చదరపు రాళ్లు.

ఉర్బాన్ బండి ఆపి ఆ పదకొండు అంగలూ నడిచి చూశాడు. గని అంచున నిలబడ్డాడు.

రేపు పొగ ఉంటుంది. తలవంచి లాగేవాళ్లకి ఏమీ కనపడదు. సార్జెంట్ హ్యూ అంటాడు, ఎడమకి అనుకుని. ముందు మోకు మీద ఉన్నవాడికి హ్యూ అంటే పద అని. పదమన్నారు, పోయాను అంటాడు. అది అబద్ధం కూడా కాదు. వెనకవాళ్లు ముందువాడి వీపు చూసి నడుస్తారు. అంచు కాలికి తగలగానే ముందువాడు మోకు వదిలేస్తాడు, నలుగురూ వదిలేస్తారు. చుట్టపీక గనిలో పడుతుంది. మేజరు గారు టోపీ సర్దుకుని కారెక్కుతాడు. లీజెల్ ఇక్కడే ఉంటుంది.

అంతవరకు లెక్క సరిపోయింది. తరవాత చక్రాల దగ్గరివాళ్లు గుర్తొచ్చారు. వాళ్ల పట్టాలు మిగతావాళ్లవాటిలా భుజం దించితే జారిపోయేవి కావు, ఇరుసుకి తగిలించినవి. బకిల్ వీపు వైపు ఉంది. కుట్టింది తనే, గట్టిగానే కుట్టాడు. కుడి చక్రంవాడు గట్టువైపు ఉంటాడు, అతనికి ఏదన్నా పట్టుకునే అదను ఉండొచ్చు. ఎడమ చక్రంవాడికి ఏ అదనూ లేదు.

డబ్బాలు దింపి, లీజెల్‌ని తిప్పుకుని వచ్చేశాడు. ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. అతను మామూలుగానే మాట్లాడడు కాబట్టి ఎవరూ గమనించలేదు.

గురువారం పొద్దున సన్నని తుంపర. మేజరు గారు, ఇంకో ఇద్దరు అధికారులు కాన్వాసు కింద నిలబడి టీ లాంటిదేదో తాగుతున్నారు. తొమ్మిదిమందీ పట్టాలు వేసుకుంటున్నారు. ఉర్బాన్ ముందునుంచి నడుచుకుంటూ ఎడమ చక్రం దగ్గరికొచ్చాడు.

"నువ్వు ముందుకు పో. చక్రం నేను పట్టుకుంటాను."

"ఎందుకు?"

"భుజం."

"ఏ భుజం?"

ఉర్బాన్ అవసరమైన దానికంటే ఎక్కువసేపు ఆలోచించాడు. "కుడిది."

"చక్రం దగ్గర భుజం మీద ఇంకా బరువు పడుతుంది కదరా, తిక్కలోడా."

"పో."

హిన్నెర్క్ అతని మొహంలోకి చూశాడు. తరవాత భుజాలెగరేసి, పట్టా విప్పి ఇచ్చి ముందుకెళ్లాడు. "ఏంటా తారుమారు?" అని సార్జెంట్ గొణిగాడు గానీ మేజరు గారు అప్పటికే గడియారం తీశాడు. ఉర్బాన్ పట్టా తగిలించుకున్నాడు. వీపు వెనక బకిల్‌ని పక్కవాడు బిగించాడు.

పొగ లేచింది. లాగారు. చక్రం పక్కన నేల తప్ప ఉర్బాన్‌కి ఏమీ కనపడలేదు. "హొట్!" అని వెనకనుంచి వినపడింది, కుడికి తిరిగారు. పల్లం మొదలైంది. ఫిరంగి బరువు వెనకనుంచి తోస్తుంటే అతను వెనక్కి వాలి మడమలు తన్నిపెట్టి ఆపాడు. పట్టా ఛాతీలోకి దిగింది.

"హ్యూ!"

ఉర్బాన్ కాలు తిన్నగా ముందుకు పడింది. అతను వెయ్యలేదు, అదే పడింది. పక్కన చక్రం అప్పటికే ఎడమకి ఒరిగి తిరుగుతోంది. దాని అంచు అతని తొడకి రాసుకుంది, పట్టా అతన్ని పక్కకి గుంజింది, ఒక మోకాలు నేలకి తగిలింది. లేచి చక్రం వెంటే నడిచాడు. పొగలో ఎక్కడో ముందు హిన్నెర్క్ దగ్గుతున్నాడు. ఎడమకి నడుస్తూ దగ్గుతున్నాడు.

గుంతలోకి చేరడానికి ఏడు నిమిషాలు పట్టింది. రెండొందల యాభై మీటర్ల దూరంలో దుంగలూ ఇసుక బస్తాలూ పేర్చిన గుడిసె. మొదటి గుండు ఎత్తుగా పోయింది. రెండోది బస్తాల్ని విరజిమ్మింది. మూడోది సరిగ్గా తుపాకి కన్నంలోంచి లోపలికి పోయి పైకప్పుని ఎత్తి పక్కన పెట్టింది. నాలుగోది అక్కర్లేకపోయినా పేల్చారు. గొట్టం పొట్టిదవడం వల్ల చప్పుడు చెవులు చీల్చింది. పేలిన ప్రతిసారీ ఫిరంగి రెండడుగులు వెనక్కి గెంతింది, నలుగురు పట్టుకుని మళ్లీ ముందుకు తోశారు.

"ఇలాంటివి ఎన్నున్నాయి?" అన్నాడు మేజరు గారు.

శుక్రవారం డిపో నుంచి బండివాళ్లు వచ్చారు. గుర్రాల మెడకి అంకె చెక్కలు కట్టి జంటలు జంటలుగా తీశారు. ఉర్బాన్ లీజెల్ డెక్కలు శుభ్రం చేసి, దువ్వి, కొత్త బండివాడికి అప్పగించాడు. అతను ఉత్తరాన పోమరేనియా వైపు మనిషి. నోట్లో పైపు, తొందర.

"కరుస్తుందా?"

"మొదట్లో."

లెఫ్టినెంట్, సార్జెంట్ మెట్ల మీద నిలబడి రిపోర్టు కాగితాలు చూసుకుంటున్నారు. హిన్నెర్క్ గేటు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. గేటు దాటగానే దారి ఎడమకి తిరుగుతుంది. బండివాడు పగ్గం కదిపి, "హ్యూ!" అన్నాడు.

లీజెల్ తిన్నగా పోయింది. గేటు స్తంభానికి దవడ తగిలింది. "హ్యూ అంటుంటే!" అని అతను మళ్లీ అరిచాడు. అది ఇంకా ముందుకు తోసుకుంది, జోడుగుర్రం కాళ్లు తగులుకున్నాయి. అతను కొరడా ఎత్తాడు.

"కొట్టకు!"

ఆ గొంతు ఎవరిదో మొదట ఎవరికీ తెలీలేదు. ఉర్బాన్ అంత గట్టిగా అరవడం బ్యాటరీలో ఎవరూ వినలేదు.

"కొట్టకు దాన్ని! అది చెప్పిందే చేస్తోంది. దానికి హ్యూ అంటే పద అని. మా వైపు అంతే. ఎడమకి కావాలంటే విష్ట్ అను. విష్ట్!"

ఆ మాట వినగానే లీజెల్ తల విదిలించి ఎడమకి తిరిగింది. బండివాడు కొరడా దించి, పైపు నోట్లోంచి తీసి, "అదేదో ముందే చెప్పొచ్చుగా," అన్నాడు. గుర్రాలు ఒకదాని వెనక ఒకటి దారెక్కాయి.

లెఫ్టినెంట్ మెట్లు దిగొచ్చాడు.

"హెగెలె. నిన్న ముందు మోకు మీద ఎవరున్నారు?"

"ట్రేడె అండి."

"అంతకుముందు వారమంతా?"

"నేనండి."

లెఫ్టినెంట్ బొటనవేలు గాల్లో ఒక గీత గీసింది. తిన్నగా, తరవాత ఎడమకి. మళ్లీ తిన్నగా గీసి ఆగింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మంగళవారం నుంచి."

"కోర్టుకి పంపాలండీ వీణ్ణి!" సార్జెంట్ మొహం కందగడ్డలా అయింది. "తొమ్మిదిమందిమి! నేనూ తోక పట్టుకునే ఉన్నాను!"

"ఏమని రాద్దాం బోస్సె? భుజం నొప్పని చోటు మార్చుకున్నాడు, ఫిరంగి సరిగ్గా తిరిగిందనా?" లెఫ్టినెంట్ కాగితాలు తిప్పి ఒక చోట పెన్సిల్ పెట్టాడు. రైతుల మాటలు వాడడం చాలా లాభంగా ఉంది, మిగతా బ్యాటరీలకి కూడా నేర్పవచ్చు అని అక్కడ రాసి ఉంది. ఆ రెండు వరుసలూ కొట్టేశాడు. "ఇది ఏడు బ్యాటరీలకి పోయేది. సోమవారం నుంచి పిలిచేది నువ్వే, హెగెలె. ఏ మాట పిలుస్తావో నువ్వే చూసుకో. ఎవడికీ రెండు అర్థాలు తట్టకూడదు."

"నాకు అరవడం రాదండి."

"ఇప్పుడే విన్నాను. చర్చి దాకా వినపడి ఉంటుంది."

ఆ మధ్యాహ్నం బార్లీ గంజి తాగుతూ హిన్నెర్క్ గిన్నెలోకి చూస్తూనే అన్నాడు: "అంటే గనిలో పడేది నేనన్నమాట."

"పడలేదుగా."

"గుర్రం కోసం."

ఉర్బాన్ చెంచాతో గంజి కలిపాడు.

"చెముడన్నావ్. నేను దాని మీద జాలి కూడా పడ్డాను." హిన్నెర్క్ చెంచా నాకి జేబులో పెట్టుకుని లేచిపోయాడు. శనివారం మాట్లాడలేదు. ఆదివారం మాట్లాడలేదు. ఉర్బాన్ రెండుమూడు సార్లు అతను కూచున్న బల్ల దగ్గరిదాకా వెళ్లి, పొయ్యిలో కట్టె సర్దినట్టు చేసి వచ్చేశాడు.

సోమవారం మళ్లీ మైదానం. హిన్నెర్క్ అడక్కుండానే తన పాత చోటుకి, ఎడమ చక్రం దగ్గరికి పోయి నిలబడ్డాడు. కుడి చక్రానికి బ్రూనో అని సాక్సనీ వడ్రంగి. సార్జెంట్ ముందు మోకు మీదికి పోయాడు, మొహం ఇంకా అలాగే ఉంది. తోక దగ్గర ఉర్బాన్. ఆదివారమంతా అతను మాటలు వెతికాడు. విష్ట్ అంటే సగంమందికి తెలీదు. ఎడమ అంటే మడమ మీద తిరుగుతారు. కొత్త మాట పుట్టిద్దామనుకున్నాడు గానీ అది అతని చేత కాని పని.

లాగడం మొదలైంది. ఎదురుగా గుండు పడ్డ పాత గుంత వస్తోంది, ఎడమకి తప్పించాలి. ఉర్బాన్ నోరు తెరిచాడు. ఏ మాటా రాలేదు. గుంత దగ్గరైంది.

"ఏమయ్యా, పిలుస్తావా చావమంటావా?" అన్నాడు ముందునుంచి సార్జెంట్.

"హిన్నెర్క్!" అని అరిచాడు ఉర్బాన్. మూడు రోజులుగా నోట్లో నానుతున్న మాట అదొక్కటే.

ఉలిక్కిపడి హిన్నెర్క్ చక్రాన్ని వెనక్కి పట్టేశాడు. ఎడమ చక్రం ఆగింది, కుడిది నడిచింది, ఫిరంగి చక్కగా ఎడమకి తిరిగి గుంతని తప్పించుకుంది.

కాసేపటికి ఉర్బాన్, "బ్రూనో!" అన్నాడు. ఫిరంగి కుడికి తిరిగింది.

"ఓహా!" అని నిలిపాడు. అందరూ నిలబడి రొప్పారు. హిన్నెర్క్ వెనక్కి తిరిగి చూశాడు.

"అదేనా నీ కొత్త మాట?"

"అదే."

"నా పేరు అరిగిపోతుంది కదరా పిండిముద్దా."

"అరిగితే ఇంకోటి పెడదాం చేపతలకాయ్."

మిగతా మూడు ఫిరంగులకి కూడా అదే పద్ధతి నేర్పారు. ఏ ఫిరంగికి ఆ ఫిరంగి చక్రాలవాళ్ల పేర్లు. పొగలోనూ చప్పుడులోనూ ఎవడి పేరు వాడికి వినపడుతుంది. దానికి రెండో అర్థం లేదు.

మే నెలలో చుట్టపీక మొదటిసారి దండుతో పాటు కందకం గట్టు దాటింది. దుంగల గుడిసెలు రెండు పోయాయి, తోక దగ్గరి రెండోవాడు పోయాడు. జూన్‌లో డాలుకి ఒకేచోట పదకొండు తూటాలు తగిలాయి. డాలు బరువెక్కువని కొంతమంది తీసేద్దామన్నారు, అందరూ కలిసి ఉంచారు. జులైలో కొత్త చక్రాలొచ్చాయి, ఇంకాస్త వెడల్పువి. బురదలో బాగా నడిచాయి. లీజెల్ గురించి ఉర్బాన్ డిపోకి ఒక కార్డు రాశాడు. ఆ అంకెగల గుర్రం తూర్పుకి పోయిందని జవాబొచ్చింది. అతను దాన్ని మడిచి దాచుకోలేదు, చదివి టపా తెచ్చినవాడికే తిరిగి ఇచ్చేశాడు.

ఆగస్టులో, ఎక్కడికీ తిరగాల్సిన పని లేని తిన్నని చోట, హిన్నెర్క్‌కి మెడ పక్కన తూటా దూసుకుపోయింది. ఉర్బాన్ అతని వీపు మీది బకిల్ విప్పాడు. మొదట చేతికి అందలేదు, తరవాత అందింది. స్ట్రెచర్ వాళ్లు తీసుకుపోయారు. ఫ్రైబుర్గ్ ఆసుపత్రిలో ఉన్నాడని ఒకరన్నారు, అంతదూరం పోలేదని ఇంకొకరన్నారు. ఖాయంగా చెప్పినవాళ్లెవరూ లేరు.

అతని చోటుకి మూడో రోజు కొత్తవాడొచ్చాడు. థ్యురింగియా వాడు, గాజుబుడ్లు ఊదే పని. బుగ్గలు వేలాడుతుంటాయి. ఉర్బాన్ అతనికి పట్టా తొడిగి బకిల్ ముందువైపుకి మార్చి బిగించాడు. జులైలోనే అలా మార్చాలనుకున్నాడు, చెయ్యలేదు.

"నా పేరు ఎవాల్డ్ అండి," అన్నాడు కొత్తవాడు.

"సరే. ఇక్కడ మాత్రం హిన్నెర్క్ అంటే పలకాలి."

"ఎందుకండీ?"

"అందరికీ అదే అలవాటైంది. వినగానే చక్రం వెనక్కి పట్టు."

"హిన్నెర్క్ ఎవరండీ?"

ముందు మోకు మీద సార్జెంట్ తిరిగి చూశాడు. కుడి చక్రం దగ్గర బ్రూనో బూటు లేసు కట్టుకుంటున్నాడు, తల ఎత్తలేదు. ఉర్బాన్ తోక దగ్గరికి పోయి, వంగి, చేతులు బిగించాడు.

"ఎడమ," అన్నాడు.

లాగారు. గట్టు దాటి పది అంగలు పోయాక ముళ్లకంచె కట్ట అడ్డొచ్చింది. ఉర్బాన్ పేరు పెట్టి అరిచాడు. ఒక్క క్షణం ఆలస్యమైంది, కొత్తవాడికి అది తననే అని తోచడానికి. తరవాత చక్రం ఆగింది. ఫిరంగి ఎడమకి తిరిగింది.